బెల్టు జారుతోంది, క్లచ్ వదలడం లేదు: ఒక పాత గార్డెన్ ట్రాక్టర్ కేస్ స్టడీ

బెల్టు లూజుగా ఉంటే జారుతుంది, కానీ పెడల్ తొక్కగానే బండిని వదిలేస్తుంది. టైట్‌గా ఉంటే సరిగ్గా వదలదు, కానీ జారదు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే బండి మీద ఒకేసారి వచ్చాయంటే, టెన్షన్ ఇచ్చే, తీసే యంత్రాంగం తన పూర్తి దూరం కదలడం లేదన్నమాట. అలాంటి బండికి ఎన్ని కొత్త బెల్టులు వేసినా ఉపయోగం ఉండదు. ఇక్కడ రాస్తున్న ట్రాక్టర్ సరిగ్గా అలాంటిదే.

సీటు మీద కూర్చుని నడిపే పాత గార్డెన్ ట్రాక్టర్ అది. నిలువు షాఫ్ట్ ఇంజిన్. క్రాంక్‌షాఫ్ట్ కింది చివర ముందుగా డ్రైవ్ బెల్టు పుల్లీ, దాని కింద గడ్డి కోసే డెక్‌ని తిప్పే ఎలక్ట్రిక్ పీటీఓ (ఇంజిన్ శక్తిని పనిముట్టుకి అందించే) క్లచ్ ఉంటాయి. డ్రైవ్ బెల్టు ఫ్రేమ్ కింద నుంచి వెనక్కి వెళ్లి ట్రాన్సాక్సిల్ (గేర్‌బాక్స్, వెనక ఇరుసు కలిసి ఉన్న పెట్టె) పుల్లీని తిప్పుతుంది. మధ్యలో ఒక బ్రాకెట్ మీద రెండు ఐడ్లర్ పుల్లీలు, అంటే బెల్టును నొక్కి బిగువుగా ఉంచేవి. ఒకదానికి గాడి ఉంటుంది, రెండోది చదునుగా ఉండి బెల్టు వీపు మీద నొక్కుతుంది. స్ప్రింగ్ బ్రాకెట్‌ని లాగి బెల్టును బిగిస్తుంది. పెడల్ తొక్కితే ఒక రాడ్ ఆ బ్రాకెట్‌ని స్ప్రింగ్‌కి ఎదురుదిక్కుకి లాగి బెల్టును వదులు చేస్తుంది. అదే పెడల్ ఇంకాస్త కిందికి వెళితే బ్రేకు పడుతుంది. అంటే ఈ బండిలో విడిగా క్లచ్ అనే భాగం లేదు, వదులయ్యే బెల్టే క్లచ్. పాత గార్డెన్ ట్రాక్టర్లన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ చేసిన గేరు రకం పాత కబ్ కేడెట్లలో షాఫ్టు, పొడి డిస్క్ క్లచ్ ఉంటాయి. జాన్ డీర్ 110 లాంటి వాటిలో వేగం మార్చే వేరియేటర్ పుల్లీ అదనం. వాటి లెక్క వేరు.

ఫిర్యాదు ఇలా ఉంది. చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే లాగుతుంది. అరగంట గడ్డి కోశాక ఎత్తు ఎక్కదు, ఇంజిన్ మాత్రం ఏమీ బరువు పడనట్టు తిరుగుతూ ఉంటుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకున్నా బండి మెల్లగా పాకుతుంది, గేరు మారుస్తుంటే గరగరమంటుంది. అప్పుడప్పుడు పెడల్ వదలగానే బెల్టు గాడిలోంచి బయటపడిపోతుంది. వీటికి తోడు, అదే అరగంటకి డెక్ కూడా ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ తిరుగుతుంది.

"బెల్టు రెండుసార్లు మార్చాను, స్ప్రింగ్ కూడా మార్చాను. ఇంక గేర్‌బాక్సే పోయుంటుంది, దించేద్దామా?" అన్నారు బండి యజమాని.

"గేర్‌బాక్స్ సంగతి తర్వాత చూద్దామండీ. మీరు సీట్లో కూర్చుని పెడల్ మెల్లగా తొక్కండి, ఇంజిన్ ఆపే ఉంచండి. నేను కింద నుంచి చూస్తాను" అన్నాను.

పెడల్ మొదటి మూడో వంతు దిగేదాకా కింద ఏదీ కదల్లేదు. తర్వాత రాడ్ కదిలింది, బ్రాకెట్ మాత్రం కదలకుండా ఒక పక్కకి ఒరిగింది. పెడల్ ఇంకా దిగాక అప్పుడు బ్రాకెట్ కాస్త జరిగింది, అంతలోనే బ్రేకు పట్టేసి పెడల్ ఆగిపోయింది. ఫ్రేమ్ మీద సుద్దతో గీత పెట్టి కొలిస్తే గాడి ఐడ్లర్ మొత్తం కదలిక 13 మిల్లీమీటర్లు. అంత చిన్న కదలికతో ఆ పొడవు బెల్టు వదులవ్వడం కష్టం.

విప్పకముందే తెలిసినవి

స్పార్క్ ప్లగ్ వైరు తీసేసి, తాళం చెవి జేబులో వేసుకుని, డెక్ దించి, ముందు చక్రాలకి దిమ్మలు పెట్టి, వెనకభాగం స్టాండ్ల మీద నిలిపాక కింద దూరాను. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి వెళ్లే ప్రశ్నే లేదు.

బెల్టు జారిన బండి కింద పొడి ఉంటుంది. ఆ పొడి ఎలా ఉందో చూస్తే సగం విషయం తెలుస్తుంది. ఇక్కడ ఇంజిన్ పుల్లీ చుట్టూ ఫ్రేమ్ మీద నల్లటి పొడి, వేలితో రాస్తే మెత్తగా, ఆరినట్టుగా వచ్చింది. అదే తడిగా, ముద్దలా అంటుకుని ఉంటే క్రాంక్‌షాఫ్ట్ కింది సీల్ నుంచి ఆయిల్ కారి బెల్టు మీద పడుతోందనుకోవాలి; అప్పుడు సీల్ మార్చకుండా బెల్టు మార్చడం దండగ. ఇక్కడ సీల్ పొడిగానే ఉంది. పొడి ఎక్కువగా ఇంజిన్ పుల్లీ దగ్గరే పేరుకుంది, వెనక ట్రాన్సాక్సిల్ పుల్లీ దగ్గర చాలా తక్కువ. చిన్న పుల్లీని బెల్టు చుట్టుకునే మేర తక్కువ కాబట్టి, జారడం సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

గేర్‌బాక్స్ మీద అనుమానం తీరాలంటే ఏది తిరుగుతోందో, ఏది ఆగిందో కళ్లారా చూడాలి. ఇంజిన్ తిరుగుతుండగా బెల్టే కదలకపోతే క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ కీ (పుల్లీని షాఫ్టుతో కలిపి తిప్పే చిన్న ఇనుప ముక్క) తెగి ఉండొచ్చు, లేదా ఆ పుల్లీ దగ్గర బెల్టు పూర్తిగా జారుతూ ఉండొచ్చు. బెల్టు పరుగెత్తుతూ ట్రాన్సాక్సిల్ పుల్లీ ఆగితే జారేది వెనక. పుల్లీ తిరుగుతూ దాని మధ్య షాఫ్టు ఆగితే హబ్‌లోని పళ్లు అరిగిపోయాయి. పుల్లీ, షాఫ్టు రెండూ తిరుగుతూ చక్రాలు ఆగితే అప్పుడు మాత్రమే లోపలి గేర్ల సంగతి, లేదా చక్రం హబ్ కీ సంగతి. నడుస్తున్న బెల్టు దగ్గర తల పెట్టి చూడకూడదు. ఫోన్‌ని ఫెండర్ కింద ఫ్రేమ్‌కి గట్టిగా కట్టి, వీడియో ఆన్ చేసి, యజమానిని ఎత్తు ఎక్కించమన్నాను. పుల్లీ మీద సుద్ద గీత పెట్టడం మామూలే, కానీ ఫోన్ వీడియోలో వేగంగా తిరిగే గీత ఒక్కోసారి ఆగినట్టూ, వెనక్కి తిరుగుతున్నట్టూ కనిపిస్తుంది. కాబట్టి గీతని నమ్మొద్దు, బెల్టు ఊగడం, ఐడ్లర్ కదలడం చూడాలి.

వీడియోలో ఒక విషయం స్పష్టంగా కనిపించింది. బరువు పడగానే గాడి ఐడ్లర్ ఒక పక్కకి వాలింది, బెల్టు దాని పై అంచు మీదకి ఎక్కి అక్కడే రాసుకుంటూ పరుగెత్తింది. ఆ క్షణంలో ట్రాన్సాక్సిల్ పుల్లీ నెమ్మదించింది, దానితోపాటే షాఫ్టూ, చక్రాలూ నెమ్మదించాయి. లోపల గేర్లు జారి ఉంటే పుల్లీ వేగం తగ్గేది కాదు. గేర్‌బాక్స్ మీద నాకు అనుమానం అక్కడితో పోయింది.

బెల్టు నంబర్ల గొడవ

బండి మీద ఉన్న బెల్టు విప్పితే దాని మీద ఏ83 అని ఉంది. అంతకుముందు వేసిన బెల్టు షెడ్డులో దొరికింది, దాని మీద ఏ87. అసలు కంపెనీ బెల్టు బయటి చుట్టుకొలత 87 అంగుళాలని ఆ బండి మాన్యువల్‌లో ఉంది. ఏం జరిగిందో నంబర్లే చెబుతున్నాయి.

సగం అంగుళం వెడల్పు వీ బెల్టులకి రెండు రకాల నంబర్లు వాడుకలో ఉన్నాయి. 4ఎల్870 అంటే వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, బయటి చుట్టుకొలత 87.0 అంగుళాలు. ఏ85 అంటే ఏ సెక్షన్, లోపలి చుట్టుకొలత ఇంచుమించు 85 అంగుళాలు. బయట కొలిస్తే దాదాపు 87. అంటే 4ఎల్870, ఏ85 పొడవులో దాదాపు ఒకటే. యజమాని పాత బెల్టు బయట టేపు పెట్టి 87 అని కొలిచి ఏ87 కొన్నారు. అది రెండు అంగుళాలు ఎక్కువ, అందుకే జారింది. "లూజుంది, చిన్నది కావాలి" అనుకుని ఈసారి ఏ83 కొన్నారు. అది రెండు అంగుళాలు తక్కువ, అందుకే వదలడం మానేసింది. కొలవడంలో ఆయన తప్పేమీ లేదు, ఆ అంకె ఏ లెక్కలోదో అమ్మేవాళ్లెవరూ అడగలేదు, అంతే.

పొడవు ఒక్కటే అయితే కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఆ ఏ83 బెల్టు లోపలివైపు పళ్లు కోసిన, పక్కలకి గుడ్డ లేని రకం. కార్లలో ఎప్పుడూ బిగుతుగా నడిచే చోట అలాంటివి బాగా పనిచేస్తాయి. ఇక్కడ బెల్టు క్లచ్ పని కూడా చేయాలి. వదులైనప్పుడు పుల్లీ మీద నున్నగా జారి ఆగిపోవాలి. పక్కలు ఒట్టి రబ్బరు అయితే వదులైనా పుల్లీని అంటుకుని లాగుతూనే ఉంటుంది. క్లచ్ బెల్టులకి చుట్టూ గుడ్డ కప్పి ఉంటుంది, లోపల మామూలు పాలిస్టర్ దారాల బదులు అరామిడ్ దారాలుంటాయి. కెవ్లార్ బెల్టు అని అందరూ అనేది దీన్నే. రెండు వేళ్లతో బెల్టు పక్కని రాస్తే తేడా తెలిసిపోతుంది: గుడ్డ ఉన్నది కాస్త గరుకు, లేనిది జిగురు.

పిన్ను దగ్గర

బ్రాకెట్ తిరిగే పివట్ బోల్టు విప్పినప్పుడు అసలు కారణం చేతిలోకి వచ్చింది. బోల్టు మెడ ఒకవైపు అరిగి మెట్టులా దిగిపోయింది; గోరు పెట్టి లాగితే ఆ మెట్టు దగ్గర గోరు ఆగిపోతోంది. బ్రాకెట్‌లోని రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. అసలు కొలత 12.7 మిల్లీమీటర్లు, ఇప్పుడు అడ్డంగా 14.6. బ్రాకెట్ రేకు మందం 5 మిల్లీమీటర్లే. అంత పలుచటి రేకులో దాదాపు రెండు మిల్లీమీటర్ల ఆట ఉంటే, ఆ రేకు చివర ఉన్న పుల్లీ నిటారుగా నిలబడే అవకాశమే లేదు. స్ప్రింగ్ ఎంత లాగితే అంత వాలుతుంది.

జారడానికీ, వదలకపోవడానికీ రెండింటికీ ఇదే మూలం. స్ప్రింగ్ లాగే బలంలో కొంత బ్రాకెట్‌ని వాల్చడానికే ఖర్చవుతోంది, మిగిలిన బలంతో బెల్టు వంకర పుల్లీ మీద ఒక అంచున రాసుకుంటోంది, అందుకే జారుడు. పెడల్ తొక్కినప్పుడు రాడ్ లాగే దూరంలో మొదటి భాగం ఆ వాలిన బ్రాకెట్‌ని నిటారు చేయడానికే పోతోంది. పెడల్ పిన్ను, రాడ్ చివర కొక్కెం కూడా అరిగి ఉన్నాయి. ఆ కొక్కెం సగం మందమే మిగిలింది. ఈ ఆటలన్నీ కూడితే పెడల్ దిగే దూరంలో సగానికి పైగా బెల్టుకి చేరట్లేదు. దానికి రెండు అంగుళాలు తక్కువైన బెల్టు తోడైతే ఇక వదిలేదెక్కడ?

యజమాని వేసిన గట్టి స్ప్రింగ్ ఈ రోగాన్ని ఇంకా ముదరబెట్టింది. పాత స్ప్రింగ్ నిజంగానే సాగిపోయి ఉంది. లాగుడు స్ప్రింగ్‌కి బరువు లేనప్పుడు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, దీని చుట్ల మధ్య వెలుతురు కనబడుతోంది. కానీ దాని బదులు అంతకంటే చాలా గట్టిది వేస్తే పివట్ మీద, ఐడ్లర్ బేరింగుల మీద, క్రాంక్‌షాఫ్ట్ మీద కూడా భారం పెరుగుతుంది. పెడల్ బరువెక్కుతుంది, బ్రాకెట్ ఇంకా వాలుతుంది. అసలు గట్టితనం ఉన్న స్ప్రింగే మళ్లీ తెప్పించాను.

రిపేరు పెద్దదేమీ కాదు. రేకు మందం పెంచడానికి బ్రాకెట్ మీద 20 మిల్లీమీటర్ల పొడవున్న గొట్టం ముక్క వెల్డింగ్ చేసి, చల్లారాక దాని రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకి నున్నగా కోసే పనిముట్టు) సరిచేసి, లోపల ఆయిల్ పీల్చుకున్న కంచు బుష్ దిగగొట్టాను. బోల్టు కొత్తది. వెల్డింగ్ ముందు, రీమింగ్ తర్వాత అన్న వరుస తప్పకూడదు. వేడికి గొట్టం కొద్దిగా వంకరపోతుంది, కంచు బుష్‌లోని ఆయిల్ కాలిపోతుంది. బ్రాకెట్‌ని బండి మీంచి తీసి, ఐడ్లర్లు కూడా విప్పాకే వెల్డింగ్ చేశాను. పొడవు 5 నుంచి 20కి పెరిగితే, అదే అరుగుదలకి పుల్లీ వాలడం నాలుగో వంతుకి తగ్గుతుంది. కొత్త బ్రాకెట్ తెచ్చి వేసినా పని జరిగేది, కానీ అదే పలుచటి రేకు కాబట్టి మళ్లీ అదే దారి పట్టేది. పెడల్ చేతిలోని రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి తిరిగి డ్రిల్ చేశాను, రాడ్ చివర కొక్కెం కోసేసి కొత్తది వంచాను.

ఐడ్లర్ బేరింగుల గురించి ఒక మాట. చేత్తో తిప్పితే గిరగిరా చాలాసేపు తిరిగే పుల్లీని చూసి "భలే ఉంది" అనుకుంటారు చాలామంది. సీల్డ్ బేరింగ్‌లో గ్రీజు ఉంటే కాస్త బరువుగా తిరిగి త్వరగా ఆగుతుంది. ఆగకుండా తిరిగేది ఎండిపోయినది. చదును ఐడ్లర్ అలాగే ఎండిపోయి ఉంది, చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే ఇసుక నలిగినట్టు వినిపించింది. నొక్కి బిగించిన రేకు పుల్లీలో బేరింగ్ ఒక్కటే మార్చడం కుదరదు, పుల్లీ మొత్తం మార్చాను.

ఇంజిన్ పుల్లీ, కీపర్లు

వీ బెల్టు గాడి పక్కలని పట్టుకుని లాగుతుంది, అడుగుని తాకకూడదు. ఇంజిన్ పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది. అంటే పక్కలు అరిగి బెల్టు లోపలికి దిగి అడుగున ఆనుతోంది. అడుగున ఆనిన బెల్టుకి పట్టు ఉండదు, ఎంత టైట్ చేసినా జారుతుంది. గాడి పక్కకి సరళరేఖలాంటి ఇనుప పట్టీ ఆనించి చూస్తే మధ్యలో పల్లం కనిపించింది. ఆ పల్లం 0.8 మిల్లీమీటర్లు దాటితే పుల్లీ మార్చాల్సిందే, ఇక్కడ ఒక మిల్లీమీటరు పైనే ఉంది. కొత్త బెల్టు పైభాగం గాడి అంచుతో సమంగానో, ఓ పిసరు పైనో ఉండాలి.

ఈ పుల్లీ తీయడం మొత్తం పనిలో చిరాకు పెట్టిన భాగం. కింద పీటీఓ క్లచ్, దానిపైన పుల్లీ, రెండూ తుప్పుతో షాఫ్టుని పట్టేశాయి. ఇలాంటప్పుడు సుత్తి తీయాలనిపిస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ చివర మీద దెబ్బ వేస్తే లోపలి బేరింగుకో, అల్యూమినియం కేసుకో తగులుతుంది, అప్పుడు బెల్టు సమస్య కాస్తా ఇంజిన్ సమస్య అవుతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఓ రాత్రి వదిలేసి, పుల్లీ హబ్‌కి కొద్దిగా వేడి చూపించి పుల్లర్‌తో మెల్లగా లాగాను. మళ్లీ ఎక్కించేటప్పుడు షాఫ్టుకి యాంటీ సీజ్ పేస్టు సన్నగా రాశాను. కీ అంచులు పదునుగా ఉన్నాయా అని చూడటం మరిచిపోకూడదు. గుండ్రబడిన కీ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది.

బెల్టు కీపర్లంటే పుల్లీల పక్కన నిలబెట్టిన ఇనుప పుల్లలు. బెల్టు బయటపడకుండా ఆపడానికే అవి ఉన్నాయనుకుని, పోతే పోనీలే అని వదిలేస్తారు. వాటికి ఇంకో పని ఉంది. పెడల్ తొక్కగానే వదులైన బెల్టు బయటికి ఉబ్బుతుంది. కీపర్ దాన్ని అడ్డుకోవడంతో ఆ వదులంతా పుల్లీ వైపుకి మళ్లి, బెల్టు ఇంజిన్ పుల్లీ గాడిలోంచి కాస్త పైకి లేస్తుంది. అలా లేస్తేనే అది తిరగడం ఆగేది. కీపర్ లేకపోతే వదులైన బెల్టు కూడా పుల్లీకి అంటుకునే తిరుగుతుంది, బండి పాకుతుంది. ఈ బండిలో ఇంజిన్ పుల్లీ దగ్గర ఒక కీపర్ లేనే లేదు, ఇంకోటి బయటికి వంగిపోయి ఉంది. పెడల్ పైకి ఉండి, బెల్టు బిగుతుగా ఉన్నప్పుడు, బెల్టుకీ కీపర్‌కీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉండేలా అమర్చాను. పెడల్ తొక్కి ఉంచి కీపర్ సర్దితే లెక్క తప్పుతుంది.

అన్నీ బిగించి, ఏ85 పొడవున్న, గుడ్డ చుట్టిన అరామిడ్ బెల్టు వేశాక ఐడ్లర్ కదలిక మళ్లీ కొలిచాను: 30 మిల్లీమీటర్లు. ఇంజిన్, ట్రాన్సాక్సిల్ పుల్లీల గాడులు ఒకే వరుసలో ఉన్నాయా అని పొడవాటి పట్టీ ఆనించి చూస్తే తేడా కనిపించలేదు. బ్రేకు సర్దడం ఆఖరున. ముందే బ్రేకు సర్దేస్తే క్లచ్ కదలిక మారినప్పుడల్లా మళ్లీ సర్దుకోవాలి. పెడల్ దిగే దారిలో ముందు బెల్టు పూర్తిగా వదలాలి, ఆ తర్వాతే బ్రేకు పట్టాలి. పెడల్ వదిలేసి, న్యూట్రల్‌లో చేత్తో తోస్తే బండి తేలిగ్గా దొర్లాలి. దొర్లకపోతే బ్రేకు రాసుకుంటోందన్నమాట, అది కూడా అచ్చం బెల్టు జారినట్టే అనిపిస్తుంది. ఈ బండిలో అలా కొంచెం రాసుకుంటోంది కూడా. క్లచ్ వదలనప్పుడు బండిని ఆపడానికి ఎవరో బ్రేకు నట్టు అవసరానికి మించి బిగించారు.

డెక్ ఎందుకు ఆగింది

డెక్ సంగతి విద్యుత్తుది, కానీ మొదటి సమస్యతో సంబంధం లేనిదేం కాదు. పీటీఓ క్లచ్ అంటే కరెంటు వెళితే అయస్కాంతంగా మారి ప్లేటుని లాక్కునే కాయిల్. ప్లేటుకీ రోటర్‌కీ మధ్య సన్నటి గాలి సందు ఉంటుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ సందు పెరుగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు కాయిల్ రెసిస్టెన్స్ 2.9 ఓమ్స్ వచ్చింది. ఇలాంటి క్లచ్‌లకి సాధారణంగా రెండు నుంచి నాలుగు ఓమ్స్ మధ్య ఉంటుంది కాబట్టి కాయిల్ బాగున్నట్టే. చాలామంది ఇక్కడితో ఆపేసి "క్లచ్‌లో తప్పు లేదు" అంటారు, లేదా అనుమానంతో క్లచ్ మొత్తం మార్చేస్తారు. వేడెక్కాక ఏమవుతుందో లెక్క వేసి చూడండి. రాగి తీగ రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. కాయిల్ 80 డిగ్రీలు వేడెక్కితే 2.9 కాస్తా 3.8 అవుతుంది. 12.6 వోల్టుల దగ్గర కరెంటు 4.3 ఆంపియర్ల నుంచి 3.3కి పడుతుంది. అయస్కాంతం లాగే బలం ఇంచుమించు కరెంటు వర్గం లెక్కన మారుతుంది, అంటే పట్టు నలభై శాతం దాకా తగ్గుతుంది. సందు సరిగ్గా ఉన్న క్లచ్ ఆ తగ్గుదలని తట్టుకునేలానే తయారవుతుంది. సందు పెరిగిన క్లచ్ తట్టుకోలేదు.

ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) పెట్టి చూస్తే సందు, క్లచ్ చుట్టూ కొలత కోసం వదిలిన మూడు కిటికీల దగ్గర 0.60, 0.65, 0.65 మిల్లీమీటర్లు. ఇలాంటి చాలా క్లచ్‌లలో ఉండాల్సింది 0.3 నుంచి 0.45 మధ్య; ఎవరి క్లచ్‌కి వాళ్ల మాన్యువల్‌లో అంకె చూసుకోవాలి. కరెంటు వైపు కూడా లోటు కనిపించింది. ఇంజిన్ నడుస్తూ క్లచ్ పట్టి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, క్లచ్ కనెక్టర్ దగ్గర 11.2. మధ్యలో 2.7 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే ఈ లోటు కనబడదు. కరెంటు పారుతుండగానే కొలవాలి. స్విచ్ నుంచి స్విచ్‌కి మీటరు జరుపుకుంటూ వెళితే పీటీఓ స్విచ్ వెనక ప్లగ్ దగ్గర దొరికింది. ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి ఉంది, లోపల పిన్ను వదులుగా ఉంది. ప్లగ్, స్విచ్ రెండూ మార్చాక ఆ లోటు 0.4 వోల్టులకి దిగింది.

సందు సర్దడానికి మూడు నట్లు ఉంటాయి. ఒక్కోటి కొద్దికొద్దిగా తిప్పుతూ, మూడు కిటికీల దగ్గరా 0.38 వచ్చేదాకా తిరగాలి. ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళితే ప్లేటు వంకర పోతుంది. తర్వాత ప్లేట్లు ఒకదానికొకటి సర్దుకోవడానికి ఇంజిన్ సగం వేగంలో పది సెకన్లు ఆన్, పది సెకన్లు ఆఫ్ చొప్పున ఐదు సార్లు, ముప్పావు వేగంలో ఇంకో ఐదు సార్లు చేయాలి. కొత్త క్లచ్ వేసినవాళ్లు చాలామంది ఇది చేయకుండానే ఒత్తైన గడ్డిలోకి దిగిపోతారు.

ఇక రెండు సమస్యలూ ఒకే సమయానికి ఎందుకు వచ్చాయన్నది. జారుతున్న పీటీఓ క్లచ్ రాపిడి వేడిలో కొంత అదే షాఫ్టు మీద దానిపైనే కూర్చున్న డ్రైవ్ పుల్లీకి చేరుతుంది. రిపేరుకి ముందు, అరగంట గడ్డి కోయించి ఇంజిన్ ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే ఇంజిన్ పుల్లీ 108 డిగ్రీలు, వెనక పుల్లీ 61 ఉన్నాయి. ముందు పుల్లీ జారుడు వేడి సొంతంగా కొంత, కింద నుంచి వచ్చింది కొంత. అప్పటికే అడుగున ఆనుతున్న బెల్టుకి ఆ వేడి చాలు, పక్కలు గాజులా నునుపెక్కడానికి. 80 మిల్లీమీటర్ల వ్యాసం పుల్లీ నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంటే బెల్టు సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతుంటుంది. అంత వేగంలో కాస్త జారినా పుట్టే వేడి తక్కువ కాదు.

రిపేరు తర్వాత అదే వాలు మీద, అదే గడ్డిలో, అంతే సేపు నడిపిస్తే ఇంజిన్ పుల్లీ 66 డిగ్రీలు, వెనకది 52. పెడల్ తొక్కితే బండి నిలబడుతోంది, గేరు గరగర లేదు. పూర్తి వేగంలో, మొదటి గేరులో, చల్లటి బెల్టుతో మాత్రం అతి కొద్దిగా కదలాలని చూస్తోంది. కొత్త బెల్టు గుడ్డ కాస్త అరిగి నునుపెక్కితే అది తగ్గుతుంది కాబట్టి దాని కోసం కీపర్లని ఇంకా దగ్గరకి జరపలేదు. జరిపితే బిగుతుగా నడిచేటప్పుడు కూడా బెల్టు వాటికి రాసుకుంటుంది.

పది గంటల పని తర్వాత యజమాని బండి మళ్లీ తెచ్చారు. కీపర్ సందు 3 నుంచి 4 మిల్లీమీటర్లకి పెరిగింది, వెనక్కి తెచ్చాను. పీటీఓ సందు 0.40. పివట్ దగ్గర పుల్లీని పట్టుకుని ఊపితే ఆట లేదు. బ్రేకు నట్టు అర చుట్టు వదులు చేయాల్సి వచ్చింది. మిగిలిపోయిన ఏ87 బెల్టు దేనికైనా పనికొస్తుందా అని అడిగారు. బెల్టు మంచిదే, ఈ బండికి మాత్రం కాదు అన్నాను. దాని మీద పెయింటుతో "రెండు అంగుళాలు ఎక్కువ" అని రాసి షెడ్డులో తగిలించుకున్నారు.